గురుగ్రహానికి రెండు టికెట్లు

దిల్‌సుఖ్‌నగర్,
22-9-2011, గురువారం

సైదులు బావగారికి నమస్కారం.

ఎల్బీనగర్‌లో ఉన్న వియ్యంకుడికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఉత్తరం రాయటమేమిటని మీరు నవ్వుకుంటారు. ఫోను చేస్తే నేను మాట్లాడాలి, డాక్టరేమో మాట్లాడవద్దన్నాడు. నా గొంతులో గడ్డ సంగతి మా అబ్బాయి శ్రీకరో మీ అమ్మాయి రమ్యో మీకు చెప్పే ఉంటారు. పదకొండో తారీఖున ఆపరేషన్. తరవాత మాట వస్తుందా అని పలక మీద రాసి అడిగితే డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. ముప్పయ్యారేళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగినవాణ్ణి, జవాబు చెప్పలేనివాడు ఎటు చూస్తాడో నాకు తెలుసు.

అందుకే మన మనవరాలు అమలని పగలంతా మీ ఇంటికి పంపిస్తున్నాం. ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగే సమ్మె వల్ల బడి లేదు, నా దగ్గరుంటే నన్ను మాట్లాడించకుండా ఊరుకోదు. మీరూ బస్సు దిగి ఇంట్లోనే ఉన్నారు. మీ సందులో పిల్లలందరూ రోజంతా గోడలెక్కుతున్నారని విన్నాను.

అసలు విషయానికొస్తాను. నేను బళ్ళో ఉన్నంతకాలం అంతరిక్షం ఎప్పుడూ పుస్తకంలో ఆఖరి పాఠమే. మార్చి వచ్చేసేది, పరీక్షకి రాదులే అని వదిలేసేవాణ్ణి. ఒక్క ఏడాది కూడా ఆ పాఠం పూర్తిగా చెప్పలేదు. ఈ పదకొండో తారీఖులోగా ఒక్కసారి చెప్పాలని ఉంది. నా దగ్గర పాఠం ఉంది, గొంతు లేదు. మీరు కండక్టరు. మీరు మలక్‌పేటలో స్టాపు పేరు అరిస్తే పక్క బస్సులోవాళ్ళు దిగిపోతారట, రమ్య చెప్పింది. నేను రాసిస్తాను, మీరు చదివి చేయించండి. మీ డాబా మీద జాగా ఉంది కదా.

మొదటిరోజుకి కావలసినవి: ఒక పాత నల్ల గొడుగు, సన్న మేకు. గొడుగు మీద ఎక్కడెక్కడ చిల్లులు పెట్టాలో బొమ్మ వేసి పెట్టాను. రెండోరోజు రాకెట్టు చేయిద్దాం, దానికి రెండడుగుల పొడుగున్న లేత ఆనపకాయ ఒకటి సిద్ధం చెయ్యండి. ఉత్తరం అమల బ్యాగులో టిఫిను డబ్బా కింద పెట్టాను. పప్పు మరకలుంటే మన్నించండి.

చెల్లెమ్మ తిరుపతమ్మని అడిగానని చెప్పండి.

మీ
త్రినాథరావు

*

ఎల్బీనగర్
24-9-2011

త్రినాథరావు బావగారికి సైదులు దండం పెట్టి రాస్తున్నది.

నాకు మీలెక్క బడి తెలుగు రాదు. నోటితోటి మాట్లాడినట్టే రాస్తున్న, ఎర్ర పెన్నుతోటి దిద్దకుండ్రి. మీ గొంతు సంగతి రమ్య చెప్పింది గానీ డాక్టరు కిటికీ దిక్కు సూసిన ముచ్చట చెప్పలే. చదివినంక నాకు బువ్వ తినబుద్ధి కాలే. ఇగ దాని గురించి ఎక్కువ రాయ, రాస్తే నేనే పరేషాన్ అయిత.

నా డ్యూటీ ఛత్రికి మీ బొమ్మల ఉన్నట్టే చిల్లులు కొట్టిన. మంచి ఛత్రి పాడు చేస్తున్నవని తిరుపతమ్మ మొత్తుకున్నది. పొద్దున ఎండల తెరిచి పట్టుకొని పిల్లలను కిందికి తలకాయలు పెట్టమన్న. నిజంగనే చుక్కలు కనబడ్డయ్ బావగారూ. పట్టపగలు చుక్కలు చూపిస్త అని ఇన్నేండ్లు టికెట్ తీస్కోనోళ్లను బెదిరించిన గానీ, చూపించింది మాత్రం ఇయ్యాలనే.

మీరు రాసినట్టే 'సప్తర్షి మండలం' అని చదివిన. తిరుపతమ్మ బట్టలు ఆరేసుకుంట ఆగి, 'గది ముసలవ్వ మంచం గదా. నాలుగు మంచం కోళ్లు, ఎత్కపోతానికి ఒచ్చిన ముగ్గురు దొంగలు' అన్నది. ఇగ పిల్లలు ఋషులను ఇడిసిపెట్టిండ్రు, దొంగలనే పట్టుకున్నరు. మీరు ఏమనుకోకుండ్రి.

రాకెట్టు కాడ మాత్రం నాకు దిమాగ్ పనిచెయ్యలే. రెండడుగుల అనపకాయ యాడ దొరుకుతది? కొత్తపేట మార్కెట్ అంత తిరిగిన. ఇప్పుడు అనపకాయ కాలం గూడ కాదు. దుకానపాయన నా మొకం సూసి, సమ్మెల కూసొని కూసొని పెద్దమనిషికి ఏమో అయింది అనుకున్నడు. ఆఖరికి ఎండు అనపగింజలు ఒక సంచి తెచ్చిన. వీటితోటి రాకెట్టు ఎట్ల చేస్తరో రాయండ్రి.

తాత ఎందుకు మాట్లాడతలేడు అని అమల అడిగింది. తాత గొంతు గూడ సమ్మెల ఉన్నది బిడ్డా అన్న. సమ్మె ఎన్నడు అయిపోతది అన్నది.

ఉంట మరి,
సైదులు

*

దిల్‌సుఖ్‌నగర్,
26-9-2011

బావగారికి,

మీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వటం కూడా డాక్టరు వద్దన్న జాబితాలో ఉంది, మా ఆవిడ కోటేశ్వరమ్మ వచ్చి కోప్పడింది. బావగారూ, మా కాకినాడ వైపు ఆనపకాయంటే మీరు సొరకాయ అనేది. చిక్కుడు జాతి గింజలతో రాకెట్టు చెయ్యటం నా వల్ల కూడా కాదు. తప్పు నాదే. ముప్పయ్యేళ్ళ పైబడి ఈ ఊళ్ళో ఉండి, కూరగాయ పేరు ఇంకా మా ఊరిదే రాస్తున్నాను.

ఆ గింజలు మాత్రం పారెయ్యకండి. వాటితో పనుంది.

ముసలవ్వ మంచం నాకు నచ్చింది. ఇన్నేళ్ళు నేను ఏడు చుక్కలు గీసి ఏడుగురు ఋషుల పేర్లు బట్టీ పట్టించాను, ఒక్కడికీ గుర్తుండలేదు. చెల్లెమ్మది నాకంటే మంచి పాఠం.

ఇప్పుడు పెద్ద ఆలోచన చెబుతాను. మీరు ఎన్నో ఏళ్ళు తిరిగిన రోడ్డునే సౌరకుటుంబం చేద్దాం. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు సూర్యుడు. అక్కడ అయిదు మీటర్ల సున్నం ముగ్గు వేస్తాం. ఆ లెక్కన భూమి నిమ్మకాయంత. బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు నలుగురూ చైతన్యపురి లోపే దిగిపోతారు. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర గ్రహశకలాలు, అంటే దారినిండా చెదిరిన రాళ్ళు. ఎల్బీనగర్ గురుగ్రహం, అన్నిట్లోకీ పెద్దది, దానికి మంచి గుమ్మడికాయ కావాలి. వనస్థలిపురం శని, హయత్‌నగర్ యురేనస్, పెద్ద అంబర్‌పేట నెప్ట్యూన్. నెప్ట్యూన్ కొబ్బరిబొండమంత. కొంచెం అటూ ఇటూగా దూరాల లెక్క సరిపోయింది. రెండు రోజులు కూర్చుని కట్టాను.

పిల్లలు ఎల్బీనగర్ దాకా నడుస్తారు. మీరు స్టాపులు అరుస్తారు. తొమ్మిదో తారీఖు ఆదివారం పొద్దున్నే. నాకు ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు.

ఇంకో మాట. ఆపరేషన్ అయ్యాక ఈ ఇల్లు అద్దెకిచ్చి కాకినాడ వెళ్ళిపోదామంటోంది కోటేశ్వరమ్మ, వాళ్ళ తమ్ముడి దగ్గరికి. మాట పోయిన మనిషిని ఈ గొడవల్లో ఎలా తిప్పుకుంటానంటుంది. నాకు వెళ్ళాలని లేదు. ఉండి ఏం చేస్తానో కూడా తెలియదు.

త్రినాథరావు

*

ఎల్బీనగర్
28-9-2011

బావగారికి దండం.

సొరకాయ రాకెట్టు అయింది. కిందికి మూడు వరసలు తంగేడు పువ్వు చుట్టి బతుకమ్మలెక్క చేసిండ్రు ఆడపిల్లలు. ఒక్కొక్క వరస ఊడి కింద పడుకుంట రాకెట్టు పైకి పోతదని మీరు రాసింది చదివిన. బతుకమ్మను ఊడదీస్తే ఊకోమని వాళ్లు ఏడ్సిండ్రు. అందుకని మా రాకెట్టు వరసలు పడెయ్యకుంటనే పోతది.

మీ రోడ్డు సౌరకుటుంబం కాయిదం మా డ్రైవరు అంతయ్యకు చూపించిన. నేను ఎక్కిన బస్సును ఎన్నో ఏండ్లు నడిపిన మనిషి. సూసి సూసి, 'ఎల్బీనగర్ గురుగ్రహమా, అందుకే గంత ట్రాఫిక్కు' అన్నడు. ఇప్పుడు రోజూ డాబా మీదికి ఒస్తున్నడు. పిల్లలను రెండు వరసలు కూసోబెట్టి బస్సు చేసినం. ముందల అంతయ్య, ఎనక నేను.

మీకు ఒక మా పని ముచ్చట చెప్త. నిండు బస్సుల కండక్టరు మొత్తుకున్నా డ్రైవరుకు ఇనబడది. అందుకే రేకు మీద కొడ్తం. ఒక దెబ్బ కొడితే హోల్డాన్, ఆగు. రెండు కొడితే రైట్, పోనియ్. గంతే. రోజంత బస్సు గా రెండు ముచ్చట్ల మీదనే నడుస్తది.

కోటేశ్వరమ్మ అక్కకు చెప్పుండ్రి, భయపడేది ఏం లేదు. మేం లేమా?

సైదులు

*

దిల్‌సుఖ్‌నగర్,
29-9-2011

బావగారికి,

ఆయాసంగా ఉంది, ఎక్కువ రాయలేను. అనపగింజ పాఠం పంపుతున్నాను. నిమ్మకాయ భూమి అయితే అనపగింజ చంద్రుడు, సరిగ్గా అదే కొలత. దాన్ని నిమ్మకాయకి ఒకటిన్నర మీటరు దూరంలో పట్టుకోమనండి. కిందిది పిల్లలకి పైకి చదవండి.

"చంద్రుడు ఒకప్పుడు భూమిలో భాగమే. పెద్ద దెబ్బ తగిలి విడిపోయాడు. విడిపోయాక అక్కడ గాలి లేదు, పారే నీళ్ళు లేవు, సొంత వెలుగు కూడా లేదు. ఇప్పటికీ భూమి చుట్టూనే తిరుగుతున్నాడు."

త్రినాథరావు

*

ఎల్బీనగర్
30-9-2011

త్రినాథరావు గారికి,

మీ పాఠం చదివిన. పిల్లల ముందల, అంతయ్య ముందల, సమ్మెల ఉన్న ఇంకో నలుగురి ముందల పైకి చదివిన. సగం చదివినంక గానీ నాకు సమజ్ కాలే.

విడిపోయినంక నీళ్లు లేవు, సొంత ఎలుగు లేదు. గీ మాట మేం టీవీల రోజూ ఇంటున్నం. మీకు మీరు పాలించుకోరాదు, చీకట్ల కూసుంటరు అంటున్నరు. అంతయ్య లేచి చెప్పులు తొడుక్కున్నడు. 'మీ బావ మనకు పాఠం చెప్తుండు సైదులూ' అని కిందికి దిగి పోయిండు. నాకు తలకాయ ఎత్తబుద్ధి కాలే.

మీరు చదువుకున్నోళ్లు. చెప్పాలనుకుంటే నాకే సీదా చెప్పాలె. చిన్నపిల్లల నడుమల పెట్టి, నా నోటితోటే చెప్పిస్తరా?

క్లాసు బంద్.

సైదులు

*

దిల్‌సుఖ్‌నగర్,
2-10-2011

బావగారికి,

నిన్న అమల మీ ఇంటి నుంచి వచ్చి తన సంచీలోంచి నిమ్మకాయ తీసి బల్ల మీద పెట్టింది. క్లాసు లేదంట తాతా అంది. మీ ఉత్తరం ముందే అందింది నాకు.

అది సైన్సే అని రాయబోయాను. చంద్రుడి మీద నిజంగానే గాలి లేదు, నేనేం చెయ్యను అని రాసి, ఆ కాగితం చింపేశాను. ఎందుకంటే అది సగం నిజం.

నాలుగైదు రోజుల కిందట మా వీధి చివర ఊరేగింపు పోయింది. వెళ్ళిపోండి అని అరిచారు. మమ్మల్ని చూసి కాదు, ఎవరినీ చూసి కాదు. కోటేశ్వరమ్మ తలుపు గడియ వేసింది. నేను ఈ వీధిలో పిల్లలకి లెక్కలు చెప్పాను, పెళ్ళిళ్ళకి బంతుల్లో వడ్డించాను. తిరిగి ఏమైనా అందామంటే గొంతు లేదు. ఆ తరవాత రాశాను ఆ పాఠం. రాస్తున్నప్పుడు నాకు తెలియదు బావగారూ. రాశాక తప్పులు చూసుకోవటానికి రెండోసారి చదివినప్పుడు తెలిసింది, ఇది ఎలా వినబడుతుందో. తెలిసీ కొట్టెయ్యలేదు. నలభై మంది పిల్లల కాగితాల్లో కామాలు దిద్దినవాణ్ణి, ఆ ఒక్క వాక్యం దిద్దలేదు. అది నా తప్పు. పైగా దాన్ని మీ నోటితో చెప్పించాను, అది ఇంకా పెద్ద తప్పు.

నేను రాయకుండా వదిలేసిన సగం ఇప్పుడు రాస్తున్నాను. చంద్రుడు అలా వేరుగా ఉండబట్టే భూమి మరీ ఒరిగిపోకుండా నిలకడగా తిరుగుతోంది. లేకపోతే తూలిపోయే బొంగరమే. ఋతువులు తప్పేవి, పంటలు ఉండేవి కావు. అంతే, ఇందులో ఇంకే అర్థమూ లేదు. ఉంటే ఉండనీయండి.

ఆదివారం నడక లేకపోయినా ఫరవాలేదు. మీరు మాత్రం నాతో మాట్లాడటం మానకండి. ఈ ఊళ్ళో నేను ఉత్తరాలు రాసే మనిషి మీరొక్కరే.

త్రినాథరావు

*

ఎల్బీనగర్
5-10-2011

బావగారికి దండం.

నిన్న సద్దుల బతుకమ్మ. ఆడోళ్లందరు పోయినంక ఒక్కడినే కూసొని మీ ఉత్తరం మూడుసార్లు చదివిన. తెలిసీ కొట్టెయ్యలేదు అని రాసిండ్రు సూడుండ్రి, గా మాట కాడనే నా కోపం దిగిపోయింది. మీరు అంత సైన్సే అని రాసి ఉంటే నేను మీ గడప తొక్కకపోతుంటి. నేను గూడ ఒకటి ఒప్పుకుంట. గా ఊరేగింపుల నేను ఉన్న. ఆ మాట నేను గూడ అన్న. అన్నప్పుడు మీరు నాకు యాదికి రాలే. మీ ఇల్లు అదే సందుల ఉన్నదని గూడ యాదికి రాలే. చేతులు పైకి లేపి నలుగురితోటి అంటుంటే మస్తు జోరుగ ఉంటది బావగారూ. ఇప్పుడు మీ కాయిదం చదువుతుంటే ఎట్లనో అయింది.

అంతయ్యకు మీ ఉత్తరం చదివి ఇనిపించిన. మల్లా ఒకసారి చదువుమన్నడు. తర్వాత, 'ఒప్పుకున్నడు గదా. ఒప్పుకునేటోళ్లు ఎంతమంది ఉన్నరు' అన్నడు. గుమ్మడికాయ ఆయనే తెస్తున్నడు.

సొంత ఎలుగు లేకపోతే ఏందట, పున్నం నాడు ఊరంత ఎవరిని సూస్తానికి బయటికి ఒస్తది అన్నది తిరుపతమ్మ. అమల ఇంకోటి అడిగింది. 'తాతా, చంద్రుడు అలిగి పోయిండా, వేరు కాపురం పెట్టిండా?' అని. వేరు కాపురమే బిడ్డా అన్న. మేం అన్నదమ్ములం గూడ వేరుపడ్డం. నడుమ గోడ లేచింది. ఇప్పటికీ కూర గిన్నె గోడ మీదికెల్లే పోతది.

ఆదివారం పొద్దున ఆరు గంటలకు సూర్యుని కాడికి ఒస్తున్నం. మీరు ముగ్గు ఏసి పెట్టుండ్రి.

సైదులు

*

దిల్‌సుఖ్‌నగర్,
10-10-2011

ప్రియమైన బావా,

రేపు పొద్దున ఆస్పత్రికి వెళతాను. ఈ రాత నీకు అందేసరికి పని జరిగిపోతుంది. ఇవాళ నుంచి 'నువ్వు' అంటాను. నువ్వూ అను. ఆపరేషన్‌కి పోయేవాడి కోరిక కాదనకూడదు.

నిన్న పొద్దున నేను ముగ్గు మధ్యలో సూర్యుణ్ణై నిలబడ్డాను. బస్టాండులో బస్సుల్లేవు, గేట్లు మూసి ఉన్నాయి, రోడ్డంతా మనదే. పద్నాలుగు మంది పిల్లలు, నిమ్మకాయలు, ఉసిరికాయలు, అంతయ్య భుజం మీద గుమ్మడికాయ. అందరూ నా వంక చూశారు. నువ్వు కూడా చూశావు. ఎవరో ఒకరు బయలుదేరమనాలి కదా. డాక్టరు మాట నాకు గుర్తుంది. అయినా అన్నాను, "రైట్" అని. రెండుసార్లు అనాలట, ఒకసారే వచ్చింది. నా గొంతుతో నేనన్న ఆఖరి మాట అదే అయితే నాకేం బాధ లేదు. ముప్పయ్యారేళ్ళ మాటల్లో అంత అవసరమైన మాట ఇంకోటి అన్నట్టు లేదు.

నువ్వు "బుధుడు, దిగేటోళ్లు ముందుకు రావాలె" అని అరవటం సూర్యుడి దాకా వినబడింది. ఆ తరవాతది నాకు అమల చెప్పింది. మార్కెట్ దగ్గర ఎవరో బత్తాయిల గంప దొర్లించేశారట, పిల్లలు గ్రహశకలాలని ఏరారట, ఆ గంపావిడ నవ్వి తలొకటి ఇచ్చిందట. పిల్లల్ని ఎల్బీనగర్‌లో దింపి, అమలని టీవీఎస్ మీద ఎక్కించుకుని పెద్ద అంబర్‌పేట దాకా పోయావట. అంత దూరం ఎందుకు బావా? ఆఖరి స్టాపులో దిగే మనిషి లేకపోయినా బస్సు పోవాల్సిందే అన్నావట.

అక్కణ్ణుంచి నువ్వు ఫోను చేసినప్పుడు మొదట గాలి హోరు తప్ప ఏం వినబడలేదు. "బావగారూ, నెప్ట్యూన్ ఒచ్చింది, బొండం కిలోమీటరు రాయి మీద పెట్టినం, మీ ఎలుగు ఇక్కడికి ఒచ్చింది" అన్నావు. నేను రిసీవరు మీద వేలితో రెండుసార్లు కొట్టాను. నీకు వినబడిందో లేదో తెలియదు.

పాఠం పూర్తయింది. మొదటిసారి.

ఇంట్లో కోటేశ్వరమ్మ సూట్‌కేసులు దింపి దులుపుతోంది. నేను అడ్డుచెప్పలేదు.

నీ
త్రినాథ్

*

ఎల్బీనగర్
12-10-2011

బావకు,

రెండు దెబ్బలు ఇనబడ్డయ్. అమలకు గూడ ఇనబడ్డయ్, 'రైట్ అంటున్నడు తాత' అన్నది.

ఆపరేషన్ మంచిగ అయిందని, మాట మాత్రం ఇగ రాదని రమ్య ఫోన్ల చెప్పి ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన. దవాఖానకు ఒచ్చి తలుపు అద్దంల నుంచి సూసిన, నువ్వు నిద్రల ఉన్నవ్. ఈ కాయిదం అక్క చేతికి ఇచ్చి పోతున్న.

బస్సులు మల్లా తిరుగుతయంటున్నరు. నేను డ్యూటీ ఎక్కుత. పిల్లలు ఆదివారం ఆదివారం అని నా పానం తింటున్నరు. తర్వాతి పాఠం ఏందో నాకు తెల్వదు. నాకు తెల్వనిది నేను అరవలేను బావా.

సైదులు

*

దిల్‌సుఖ్‌నగర్,
5-11-2011, శనివారం

బావా,

నిన్న జరిగింది నీకు తెలిసిందే. అయినా రాస్తాను, నా వైపు నుంచి ఎలా కనబడిందో నీకు తెలియాలి.

కాకినాడ బస్సుకి టికెట్లు తీసుకుందామని కోటేశ్వరమ్మ నన్ను బయలుదేరదీసింది. ట్రావెల్స్ ఆఫీసు మీ ఎల్బీనగర్‌లో ఉందట. దిల్‌సుఖ్‌నగర్‌లో వచ్చిన సిటీ బస్సు ఎక్కాం. మెడకి మఫ్లరు చుట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, అది నీ బస్సని నాకు తెలియదు. వెనక నుంచి "టికెట్, టికెట్" అని వినబడేసరికి నీ గొంతు గుర్తుపట్టాను. అడిగితే ఎక్కడికో చెప్పలేని మనిషిని నువ్వు మొదటిసారి చూడబోతున్నావు అనుకున్నాను.

నువ్వొచ్చి నన్ను చూశావు. కోటేశ్వరమ్మ ఎల్బీనగర్ రెండు అనబోయింది. నువ్వు ఆవిడ మాట పూర్తి కానీయలేదు. బస్సంతా అదిరేట్టు "గురుగ్రహం రెండు" అన్నావు. అని రెండు టికెట్లు చింపి నా చేతిలో పెట్టావు.

ఇక చైతన్యపురి ముందు "భూమి దాటినం", మార్కెట్ దగ్గర "గ్రహశకలాలు, పండ్లు కొనేటోళ్లు దిగుండ్రి". ముందు సీట్లోంచి అంతయ్య హారను కొట్టాడు. బస్సులోవాళ్ళు నిన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. నా పక్కన ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. కోటేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సెప్టెంబరు తరవాత ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

ఎల్బీనగర్‌లో దిగాక ట్రావెల్స్ ఆఫీసు రోడ్డుకి ఇవతలే ఉంది. మీ ఇల్లు అవతల. ఆవిడ రెండు వైపులా చూసింది. "ముందు తిరుపతమ్మగారింటికి వెళ్ళి కాఫీ తాగుదాం" అంది. కాఫీ తాగేసరికి సాయంత్రం అయింది, ఆఫీసు మూసేశారు. మళ్ళీ ఎప్పుడు వెళదామని ఆవిడ అడగలేదు, నేను రాయలేదు. పొద్దున చూస్తే సూట్‌కేసులు అటక మీదికి ఎక్కి ఉన్నాయి.

తర్వాతి పాఠం తోకచుక్క. రేపు ఆదివారం, నేనే వస్తున్నాను. చీపురు పుల్లలు, తెల్ల రిబ్బను చెల్లెమ్మని అడిగి ఉంచు. నాకు బల్లా కుర్చీ వద్దు, పాత రేకు డబ్బా ఒకటి చాలు. నేను రెండు దెబ్బలు కొడతాను, నువ్వు మొదలుపెట్టు.

నీ బావ